ఫైబర్ బోటులో ఏ లోపమూ దొరక్కుండా పరీక్షించే విధానం

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. ఆ 61 రోజులూ బోట్లు ఇసక మీదే. పాత ఫైబర్ బోటు కొనదలచినవాడు దాని చుట్టూ తిరిగి, కిందికి వంగి, లోపలికి దూరి తీరిగ్గా చూసుకోగలిగేది అప్పుడే. అయితే ఈ సలహాలు అంత ముందుచూపు ఉన్నవాళ్ల కోసం కాదు. బేరం కుదిరిపోయింది, బయానా చేతులు మారింది, ఊళ్లో నలుగురికీ చెప్పుకోవడం కూడా అయిపోయింది, ఇప్పుడు బోటులో ఏదైనా బయటపడితే మొహం ఎక్కడ పెట్టుకోవాలా అని లోలోపల బెంగపడుతున్నవాళ్ల కోసం.

వీళ్ల అవసరం వేరు. పరీక్ష జరగాలి. జరిగిందని అందరూ చూడాలి. ఏమీ దొరక్కూడదు. అసలు చూడకుండా వదిలేస్తే అనుమానం మిగులుతుంది, సరిగ్గా చూస్తే ఖర్చు తగులుతుంది. చూసీ చూడనట్టు చూడటం ఒక విద్య. ఆ విద్యకి ఫైబర్ బోటు బాగా సహకరిస్తుంది.

తెప్ప ఇలా సహకరించేది కాదు. ఒడ్డుకి రాగానే కట్లు విప్పి, దుంగలు విడదీసి, ఎండలో ఆరబెట్టి, వేటకి వెళ్లేముందు మళ్లీ కట్టుకునేవారు. అంటే తడవతడవకీ పడవని ముక్కలు చేసి చూసుకోవడమే. కొబ్బరితాడుతో పలకలు కుట్టిన మసూలా పడవకి కుట్టు వదులైతే నీళ్లు చిమ్మి మరీ చెప్పేది. చెక్క నావకి పలకల సందులూ, పురుగు తొలిచిన కన్నాలూ కంటికి ఎదురుగానే ఉండేవి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) వారి బంగాళాఖాత కార్యక్రమం 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైంది. కెరటాల్లోంచి నేరుగా ఒడ్డుకెక్కే బోట్ల నమూనాలు తయారు చేయించిన వాళ్లలో వాళ్లూ ఉన్నారు. 2004 సునామీలో పోయిన పడవల స్థానంలో ఫైబర్ బోట్లు పెద్దఎత్తున వచ్చాయి. అప్పట్నుంచీ యజమానికి మనశ్శాంతి. పైన నున్నటి జెల్‌కోటు, దాని మీద రంగు, రంగు మీద దేవుడి పేరు. లోపల ఏం జరుగుతున్నా పైకి పొక్కదు.

లోపల ఏముందని అడగొద్దు

ముందు నమ్మకం గట్టిపడాలి. "ఫైబర్ పుచ్చదు" అన్న మాట రోజుకోసారి అనుకోండి. అది అబద్ధం కాదు కూడా. గాజు పీచునీ, దాన్ని పట్టి ఉంచే పాలియెస్టర్ రెసిన్‌నీ బూజు తినదు, చెద తినదు. కానీ బోటంతా ఒట్టి గాజు పీచే అయితే బరువు పడ్డచోట వంగిపోతుంది. అందుకని ఔట్‌బోర్డు ఇంజిన్ వేలాడే వెనక పలకలో, రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్డు పెడతారు. అడుగున నిలువుగా సాగే దిమ్మెల్లోనూ, ఇంజిన్ లోపల కూర్చునే బోట్లయితే దాని కింది దుంగల్లోనూ చెక్క పెట్టి పైన ఫైబర్ చుడతారు. విదేశాల్లో షికారు బోట్ల డెక్కుల్లో తేలిగ్గా ఉంటుందని బాల్సా చెక్క కూరతారు. బరువు మోసే చోటల్లా చాలావరకు లోపల ఉండేది చెక్కే. ఇది తెలిసినవాడు ప్రశ్నలు వేస్తాడు. మీరు వేయకండి. అమ్మేవాడు "ఫుల్లు ఫైబరండీ" అంటే తలూపి ఊరుకోండి.

చెక్కని పుచ్చించేది ఒక రకం బూజు. దానికి కావలసింది చెక్క, కాస్త గాలి, వెచ్చదనం, చెమ్మ. ఎండు చెక్క బరువుతో పోలిస్తే తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం దాని ఆటలు సాగవు. ముప్ఫైకి చేరువైతే ఇక ఆపేవాడు లేడు. మామూలు చెక్కయితే తడిసినా ఆరుతుంది. రెండు ఫైబర్ పొరల మధ్య చిక్కుకున్న నీటికి ఆరే దారి లేదు, రోహిణి కార్తె ఎండలు నెత్తిన కాసినా సరే. ఫైబర్ పొర చెక్కని ఎంత శ్రద్ధగా కాపాడుతుందో, అందులో చేరిన తేమనీ అంత శ్రద్ధగానే కాపాడుతుంది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఈ బూజుకి ఉప్పు గిట్టదు. అమెరికా తూర్పు తీరంలో చెక్క ఓడలు కట్టే రోజుల్లో ఓడ పక్కటెముకల సందుల్లో ఉప్పు కూరేవాళ్లు, చెక్క పుచ్చకుండా ఉండటానికి. బూజుకి ఇష్టమైనది వాన నీరు. కాబట్టి సముద్రంలో ఉండగా కెరటం తుంపర లోపల పడితే కళాసీని తిట్టండి. ఒడ్డున ఉండగా మాత్రం వానంతా బోటులోనే నిలవనివ్వండి. బోటుని వెల్లకిలా ఉంచండి. అడుగు బిరడా బిగించే ఉంచండి. పైన పట్టా కప్పకండి. వేట మొదలయ్యే నాడు బొక్కెనతో నీళ్లు తోడిపోస్తూ "మంచినీళ్లేగా, ఉప్పంతా కడిగేసింది" అనుకోండి. అలా నాలుగు వానాకాలాలు గడిస్తే బోటులో మీరు చూడకూడదనుకుంటున్నవన్నీ తయారవుతాయి. అవి కనబడకుండా ఎలాగన్నది ఇకమీదట చెప్పుకుందాం.

వదులైతే బిగించడమే

వాన నీరు లోపలి చెక్క దాకా చేరాలంటే ఫైబర్ పొరకి కన్నం కావాలి. ఆ కన్నాలు మనమే వేస్తాం. ఇంజిన్ బ్రాకెట్టుకి నాలుగు, తాడు కట్టే కొక్కేలకి కొన్ని, జెండా కర్ర నిలబెట్టే గొట్టానికి ఇంకొన్ని. తెలిసిన పనివాడైతే ముందు కావలసినదానికంటే పెద్ద కన్నం వేస్తాడు. దాన్ని ఎపాక్సీతో పూడుస్తాడు. గట్టిపడ్డాక దాని నడిమధ్యలోంచి బోల్టుకి సరిపడా కన్నం తీస్తాడు. ఆ పైన సీలెంటు పూసి, వెనక వెడల్పాటి లోహపు పలక పెట్టి బిగిస్తాడు. తర్వాత ఎప్పుడైనా నీరు దిగినా దానికి ఎపాక్సీ గోడే తగులుతుంది, చెక్క అందదు. ఇదంతా రెండు రోజుల పని. మీరు నేరుగా డ్రిల్లు పెట్టి, బోల్టు దోపి, అర్ధరూపాయంత వాషరేసి బిగించండి. అయిదు నిమిషాల్లో అయిపోతుంది. నీరు దిగదా అని ఎవరైనా అడిగితే, "అంత బిగుతులో నీరెలా దూరుద్దిరా" అనండి.

బోల్టు వదులైనప్పుడు ఎందుకు వదులైందని మాత్రం అడక్కండి. పానా తీసుకుని తిరిగినంత తిప్పండి. నట్టు కదలకపోతే అది బాగున్నట్టు. కదిలితే ఇప్పుడు బాగైనట్టు. రెండు విధాలా శుభమే. వారానికి మళ్లీ వదులైతే మళ్లీ బిగించండి. ఇంజిన్ వణుకుకి వదులయ్యే నట్టుని నైలాన్ నట్టు వేసి ఆపొచ్చు. అది వేసినా ఆగకుండా, ప్రతిసారీ అర చుట్టో ముప్పావు చుట్టో తీసుకుంటోందంటే అక్కడ నట్టు తిరగడం కాదు, లోపల మెత్తబడిన చెక్క నలుగుతోంది. వాషరు ఫైబర్‌లోకి దిగబడి చుట్టూ గుంట పడుతుంది. మీ కండబలానికి అది నిదర్శనమని కళాసీలకి చూపించండి.

కొందరు చాదస్తులు నట్టు దాటి బయటికి పొడుచుకొచ్చిన మరలు లెక్కపెడతారు. పోయినేడు మూడు కనబడేవి, ఈ ఏడు ఆరు కనబడుతున్నాయంటే పలక మందం ఆ మేరకు తగ్గిందని వాళ్ల లెక్క. మీరు బోల్టు పెరిగిందని సంతోషించండి.

ఇంకొందరు నట్టు మీంచి వాషరు మీదుగా పలక దాకా రంగుతో ఒక గీత లాగుతారు. నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగి కనబడుతుంది. పొద్దున్నే ఒక్క చూపులో అన్ని నట్ల సంగతీ చెప్పేసే ఇలాంటి పద్ధతులు మనశ్శాంతికి చేటు. బోల్టు తల మీద చిన్న సుత్తితో కొడుతూ, అవతలి పక్క నట్టూ పలకా కలిసేచోట వేలు ఆనించి ఉంచేవాళ్లూ ఉన్నారు. వదులుగా ఉన్న బోల్టు వేలికి చిటుక్కుమని తెలుస్తుంది. మీరూ కొట్టండి, కొట్టవద్దనను. వేలు మాత్రం జేబులో ఉంచుకోండి.

బోల్టు కిందనుంచి గోధుమరంగు ధార ఒకటి కారి ఎండిపోయి ఉంటుంది. లోపల నీరు ఆడుతోందనీ, ఇనుము తినేస్తోందనీ చెప్పే ధార అది. దాన్ని పరీక్షకి ముందే నిమ్మచెక్కతో రుద్ది పోగొట్టండి. పోకపోతే ఆక్సాలిక్ ఆసిడ్ ఉంది. తుడిచిన తర్వాతే పరీక్ష మొదలుపెట్టడం మన పద్ధతిలో చాలా ముఖ్యం.

స్టెయిన్‌లెస్ బోల్టులైతే మీకు మరీ హాయి. తల తళతళా మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపుని కాపాడేది స్టీలు మీద ఏర్పడే క్రోమియం ఆక్సైడు పొర. గీత పడ్డా గాలి తగిలినచోట అది మళ్లీ అల్లుకుంటుంది. కన్నం లోపల, నానిన చెక్క నడుమ, గాలి ఆడని ఉప్పుచెమ్మలో పొర చెడితే మళ్లీ రాదు. తల మెరుస్తూనే ఉంటుంది, నడుము సన్నబడుతూ పోతుంది. బోల్టు ఊడదీసి చూస్తే తప్ప ఈ సంగతి తెలియదు. ఊడదీయకండి. ఒక అయస్కాంతం తెచ్చి తల మీద పెట్టండి. అంటుకోకపోతే "సముద్రానికి తగిన స్టీలే" అని ప్రకటించండి. 304 రకానికి గానీ, ఉప్పుని ఇంకాస్త తట్టుకునేలా మాలిబ్డినం కలిపిన 316 రకానికి గానీ అయస్కాంతం పెద్దగా అంటుకోదు కాబట్టి ఈ పరీక్షలో మీరు ఓడిపోయే ప్రమాదం లేదు. చాలా బోల్టుల తలల మీద ఏ2 అనో ఏ4 అనో అచ్చు ఉంటుంది. ఏ4 అంటే 316 జాతి. ఆ అచ్చు మీద రెండు కోట్లు రంగు వేసేస్తే అదీ సరి.

సుత్తి ఎక్కడ కొట్టాలి

చప్పుడు పరీక్ష గురించి అందరికీ తెలుసు. చేయకపోతే ఊళ్లో మాటొస్తుంది. కాబట్టి చేయాలి.

కుండ కొనేవాడు వేలితో కొట్టి చూడకుండా డబ్బులివ్వడు. ఖంగుమంటే మంచి కుండ, మోత చచ్చుబడితే ఓటి కుండ. ఫైబర్ బోటుకీ అదే సూత్రం. పొరలు విడిపోకుండా, లోపలి చెక్క గట్టిగా ఉన్నచోట దెబ్బ టకటకా పొడిగా పలుకుతుంది. చెక్క నానినా, పొర విడిపోయినా మోత మొద్దుబారుతుంది. కుండ విషయంలో ఇంత జాగ్రత్తపడే మనిషి లక్షలు పోసే బోటు దగ్గర చెవులు మూసుకోవాలంటే కొంత శ్రమ పడాలి.

సుత్తి పెద్దది తెచ్చుకోండి. బరువైన సుత్తి ప్రతిచోటా ఒకటే మోత మోగిస్తుంది, పైగా కొత్త పగుళ్లు పెడుతుంది. స్క్రూడ్రైవరు ప్లాస్టిక్ పిడి, రూపాయి బిళ్ల, గుప్పిట్లో పట్టే చిన్న సుత్తి, ఇవి తేడాని ఇట్టే పట్టిస్తాయి కాబట్టి దగ్గరికి రానివ్వకండి. ఐసు మర ఆడుతున్న సమయం చూసుకుని మొదలుపెట్టండి. పక్క బోటువాడు ఇంజిన్ ఆడించి చూసుకుంటుంటే ఇంకా మేలు.

అన్నిటికన్నా ముఖ్యం, కొట్టే చోటు. చిన్న ఫైబర్ బోట్ల పక్కగోడలు సాధారణంగా చెక్క లేని ఒట్టి ఫైబరే. అక్కడ పుచ్చడానికి ఏమీ లేదు. కాబట్టి అక్కడే కొట్టండి. అణియం దగ్గర మొదలుపెట్టి రెండు పక్కలా కొట్టుకుంటూ, మధ్యమధ్య ఆగి తలూపుతూ అమరం దాకా నడవండి. ఇంజిన్ వేలాడే పలక వచ్చేసరికి "పదండి, టీ తాగొద్దాం" అనండి.

సరిగ్గా చేసేవాడి పద్ధతి వేరుగా ఉంటుంది. వాడు ఒక్క దెబ్బని నమ్మడు. బాగున్నదని తెలిసినచోట ముందు కొట్టి ఆ మోతని చెవిలో పెట్టుకుంటాడు. తర్వాత రెండు వేళ్ల ఎడంలో వరసలు వరసలుగా కొట్టుకుంటూ పోయి, మోత మారినచోటల్లా పెన్సిలు గీత పెడతాడు. అరగంటకి పలక మీద ఒక పటం తయారవుతుంది. చాలాసార్లు అది ఏదో ఒక బోల్టు కన్నం దగ్గర మొదలై కిందికి వెడల్పవుతుంది. నీరు పల్లానికే కదా పోయేది. ఆ పటం చూశాక ఇక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. అందుకే పెన్సిలు తేవద్దనేది. అడ్డ దిమ్మె ఉన్నచోటా, తేలడానికి ఫోము నింపినచోటా కూడా మోత మారుతుంది, అది రోగం కాదు. ఈ ఒక్క ముక్క కంఠస్థం చేసుకోండి. ఎక్కడ మోత మారినా "అక్కడ ఫోము ఉందండీ" అనేయొచ్చు.

ఇంజిన్ని చూడండి, పలకని కాదు

ఔట్‌బోర్డు ఇంజిన్ బోటుని నెట్టేది నీళ్ల కింది పంకాతో, బోటుకి అతుక్కునేది పైనున్న బ్రాకెట్టుతో. పంకా ముందుకి నెడుతుంటే బ్రాకెట్టు కింది భాగం పలకని నొక్కుతుంది, పై బోల్టులు పలకని వెనక్కి లాగుతాయి. వేటకి వెళ్లిన ప్రతిసారీ, ప్రతి కెరటానికీ ఇదే గుంజులాట. అందుకే లోపల చెక్క చెడిన పలక ముందుగా పై అంచున కదులుతుంది. దీన్ని పట్టుకోవడం చాలా తేలిక. ఇంజిన్ని కాస్త పైకి లేపి, అడుగుకాలు పట్టుకుని ఒకరు పైకీ కిందికీ ఊపుతుంటే ఇంకొకరు పలక అంచునీ, అది పక్కగోడలతో కలిసే మూలల్నీ చూడాలి. గట్టి పలక కదలదు. చెడిన పలక ఊపిరి తీస్తుంది. మీరు ఊపండి, కానీ చూపు మాత్రం ఇంజిన్ మీదే ఉంచండి. కొత్త స్టిక్కర్లు బాగుంటాయి. అమ్మేవాడు ఇంజిన్ ముందే విప్పి ఇంట్లో పెట్టి ఉంటే వాడి మంచితనాన్ని మెచ్చుకోండి.

పగుళ్ల సంగతి. ఇక్కడ ఒక మాట వెటకారం లేకుండా చెప్పాలి. జెల్‌కోటు మీద కనబడే ప్రతి సన్నగీతా ప్రమాదం కాదు. జెల్‌కోటు మందంగా పడినచోట, ఎండకి ముదిరినచోట పైపైన గీతలు వస్తాయి, వాటి కింద ఫైబర్ నిక్షేపంగా ఉంటుంది. భయపడాల్సింది బోల్టు చుట్టూ నాలుగు దిక్కులా విచ్చుకున్నవాటికీ, పలక మూలల్లో ఒకే దిక్కుకి వరసగా సాగినవాటికీ. ఏదో కదులుతుంటేనే అలా వస్తాయి. వెటకారంలోకి మళ్లీ వెళ్లాలంటే, రెండు రకాలకీ ఎంసీల్ ముద్ద ఒకటే మందు. పూసి, పేపరు పట్టి, రంగేస్తే మూడో రకం తయారవుతుంది: కనబడని పగుళ్లు.

బోటంతా పాత రంగులో వెలిసిపోయి, వెనక పలక ఒక్కటీ పెళ్లికూతురి ముస్తాబులో ఉంటే యజమానికి ఆ పలక అంటే ప్రత్యేకమైన ప్రేమ అని అర్థం చేసుకోండి.

తేమ కొలిచే మీటరు పట్టుకుని ఎవడైనా చుట్టాల కుర్రాడు వస్తే కంగారుపడకండి. వాన వెలిసిన వెంటనే కొలవమనండి, అన్నిచోట్లా ఎర్ర దీపం వెలుగుతుంది, "మీటరే పాడైందిరా" అని పంపేయొచ్చు. లేదంటే బోల్టుల పక్కనే కొలవమనండి. కొన్ని మీటర్లకి లోహానికీ నీటికీ తేడా తెలియదు. ఎలాగైనా మీటరుకి చెడ్డపేరొస్తుంది, బోటుకి రాదు.

చిన్న కన్నం, పెద్ద భయం

ఇన్ని చేసినా పట్టు విడవని మనిషి ఒకడుంటాడు. "నాలుగు మిల్లీమీటర్ల కన్నం వేసి చూద్దాం బావా" అంటాడు. వీణ్ణి ఆపడానికి మీ శక్తినంతా వాడండి, ఎందుకంటే దాపరికం నడవని పరీక్ష ఇదొక్కటే.

వాడు చేసేదేమిటంటే, బయటి పక్కనుంచి కాకుండా లోపలి పక్కనుంచి, పలకలో కిందికి, నీరు చేరే చోట, డ్రిల్లు బిట్టుకి లోతు గుర్తుగా టేపు చుట్టి, బయటి పొర దాకా పోకుండా మెల్లగా కన్నం తీస్తాడు. వచ్చే పొట్టుని అరచేతిలో పడతాడు. ముందు తెల్లటి ఫైబర్ పొడి వస్తుంది, తర్వాత చెక్క. పొట్టు పొడిగా, పాలిపోయిన రంగులో, పెళుసుగా చుట్టలు తిరుగుతూ వస్తే చెక్క బతికే ఉంది. నల్లగా, ముద్దగా, వేళ్లకి అంటుకుంటూ, పుల్లటి మురుగు వాసనతో వస్తే అయిపోయింది. కొన్నిసార్లు పొట్టే రాదు. ఫైబర్ దాటగానే బిట్టు ఒక్కసారిగా లోపలికి పడిపోతుంది, వెనకే నల్లటి నీరు కారుతుంది. అలాంటివి నాలుగైదు కన్నాలు తీస్తే చెడు ఎంత మేర పాకిందో తెలిసిపోతుంది. తర్వాత వాటిని ఎపాక్సీతో పూడిస్తే అక్కడ కన్నం ఉన్నట్టే ఉండదు.

ఇలాంటివాడితో వాదించేటప్పుడు "మంచి బోటుకి కన్నం పెడతావట్రా" అన్న మాటకి మించింది లేదు. ఇంజిన్ బ్రాకెట్టు కోసం మీరే నాలుగు పెద్ద కన్నాలు పెట్టారన్న సంగతి ఆ వేడిలో వాడికి గుర్తు రాదు.

ఖర్మకాలి పుచ్చు బయటపడిందే అనుకోండి, అప్పుడూ దారులున్నాయి. తడిచెక్కలోకే సిరంజితో రెసిన్ ఎక్కించండి. తడిసిన చెక్కకి రెసిన్ పట్టదు. పట్టిన కాస్తా లోపలి నీటిని ఇంకా భద్రంగా మూసిపెడుతుంది. నిజమైన వైద్యం లోపలి ఫైబర్ పొరని కోసి, పుచ్చిందంతా గోకి తీసి, బాగా ఆరనిచ్చి, ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్డు కొత్తది కూర్చి, దాని అంచులకీ ప్రతి కన్నానికీ ఎపాక్సీ తాగించి, మళ్లీ పొరలు వేయడం. అందుకు బోటు ఎండలో కొన్నాళ్లు ఊరికే పడి ఉండాలి. వేట నిషేధం ఉన్నదే అందుకన్నట్టు ఆ రోజుల్లోనే చేయాలి. మీరు ఆ రోజులన్నీ గడిచిపోనిచ్చి, జూన్ 13 సాయంత్రం మొదలుపెట్టండి. ప్లైవుడ్డు మంచాలు చేసే కొట్టులో మిగిలిన ముక్కయితే చవక. అంచులు మూయాల్సిన పనేముంది, రంగు వేస్తాంగా.

తోసేవాళ్ల బలం

బోటు బరువు గురించి ఎవరూ మాట్లాడరు, అందుకని పైపైనే చెప్తాను. నానిన ప్లైవుడ్డు, నీరు పీల్చిన ఫోము ఏటికేడు బరువెక్కుతాయి. ఒకప్పుడు ఆరుగురు ఒడ్డుకి లాగేసిన బోటుకి ఇప్పుడు ఎనిమిది మంది కావలసి వస్తుంది. నీళ్లలో అమరం కాస్త కిందికి కూర్చుంటుంది. తూకం వేయక్కర్లేదు, లాగే మనుషుల్ని లెక్కపెడితే చాలు. ఆ లెక్క మీ చెవిన పడితే "ఈ కాలం కుర్రాళ్లకి తిండి లేదు, బలం లేదు" అని ఒక ప్రసంగం చేయండి. ఒడ్డున కూర్చున్న ముసలివాళ్లందరూ మీ పక్షమే.

సముద్రం మీద కూడా బోటు చెప్పాలనే చూస్తుంది. మీ మేనల్లుడు చుక్కాని దగ్గర కూర్చుని "మావా, ఎనక పలక ఊగుతన్నట్టుంది" అంటాడు. "కెరటంరా అది" అనండి. "కెరటం లేదు కదా మావా" అంటే ఇంజిన్ జోరు పెంచండి, చప్పుడులో ఏమీ వినబడదు. చేపలు పడ్డ రోజున ఎలాగూ ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

ఇక ఆఖరుది. ఇంజిన్ ఊడి నీళ్లలో పడితే పోకుండా బోటుకి ఒక తాడు కట్టుకుంటారు, మంచి అలవాటే. దానికి వేరే కొక్కెం కావాలి. దాన్ని వెనక పలకకి కాకుండా బోటు గట్టి భాగం దేనికైనా బిగించాలి. మీకు అంత దూరం తాడు లాగే ఓపిక ఉండదు కాబట్టి ఇంజిన్ ఉన్న పలకకే, ఇంకో కొత్త కన్నం వేసి, కొక్కెం దించి, తాడు కట్టండి. పలక ఊడొచ్చిన నాడు ఇంజిన్నీ తాడునీ విడివిడిగా వెతుక్కోనక్కర్లేదు.